బెంగళూరు మేడ మీంచి వైట్ డ్వార్ఫ్‌ను పట్టుకోవడం ఎలా

వైట్ డ్వార్ఫ్ (ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన నక్షత్రం) అనగానే అందరూ సిరియస్ పక్కనున్న సిరియస్ బి వెంట పడతారు. మొదటి రాత్రే దాని జోలికి పోకండి. ముందు 40 ఎరిడాని చూడండి. ఇది 16 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న మూడు నక్షత్రాల కుటుంబం: ఎ (మాగ్నిట్యూడ్, అంటే వెలుగు కొలత, 4.4; అంకె పెరిగే కొద్దీ మసక), బి (9.5), సి (11.2). బి వైట్ డ్వార్ఫ్, సి ఎర్ర మరుగుజ్జు (చిన్న, మసక నక్షత్రం). ఎ నుంచి బి 83 ఆర్క్ సెకన్ల (ఒక్కోటి డిగ్రీలో 3600వ వంతు; కింద ఎడం చెప్పే సెకన్లన్నీ ఇవే) ఎడంలో ఉంటుంది కాబట్టి ఎ వెలుగు అడ్డురాదు.

8 అంగుళాల డాబ్సోనియన్ (సాదా స్టాండు మీద చేత్తో తిప్పే అద్దపు టెలిస్కోప్; ఫోకల్ లెంత్ 1200 మి.మీ.) చాలు. జనవరి మొదట్లో రాత్రి పదింటికి 40 ఎరిడాని దక్షిణాన 69 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. బెంగళూరులోని మారతహళ్లి వెలుతురులో కంటికి ఆనదు, 10x50 బైనాక్యులర్ కావాలి. ఓరియన్ మండలంలో బాగా వెలిగే రైజెల్ నుంచి నేరుగా పడమరకు 15 డిగ్రీలు జరపండి. డిగ్రీ ఎడంతో రెండు చుక్కలు కనబడతాయి. వాటిలో ఆగ్నేయం వైపున్న నారింజ రంగుదే మనది. టెలిస్కోప్‌లో 25 మి.మీ. ఐపీస్‌తో (కన్ను పెట్టే చోటి లెన్స్‌తో) (48 రెట్లు) ఎ పక్కన, తూర్పు వైపు బి తెల్లగా కనిపిస్తుంది. 10 మి.మీ. వేస్తే (120 రెట్లు) దానికి 8 సెకన్ల ఎడంలో సి కూడా బయటపడొచ్చు. నగరంలో సి దొరక్కపోతే బెంగ అక్కర్లేదు.

ఇక సిరియస్ జంట అయిన వైట్ డ్వార్ఫ్, సిరియస్ బి: మాగ్నిట్యూడ్ 8.4, అంటే 40 ఎరిడాని బి కన్నా కాంతివంతమే. కానీ 11 సెకన్ల దూరంలో దాదాపు పది వేల రెట్లు వెలిగే సిరియస్ ఉంది. నగర వెలుతురు ఇక్కడ పెద్ద సమస్య కాదు. గాలి కదలికే అసలు సమస్య. నక్షత్రం ఎంత ఎత్తున ఉంటే మధ్యలో గాలి అంత తక్కువ. ఈ విషయంలో బెంగళూరుది అదృష్టమే: ఇక్కడ సిరియస్ 60 డిగ్రీలకు లేస్తుంది, లండన్‌లో 22 డిగ్రీలే. జంట ఒకదాని చుట్టూ ఒకటి తిరగడానికి 50 ఏళ్లు పడుతుంది. 1990ల్లో ఎడం 2.5 సెకన్లే. ఇప్పుడు దాదాపు గరిష్ఠంగా ఉంది, ఇకపై తగ్గుతుంది.

పగలంతా కాలిన కాంక్రీటు అర్ధరాత్రి దాకా వేడి వదులుతూనే ఉంటుంది, కాబట్టి వాటర్ ట్యాంకుకూ ఏసీ అవుట్‌డోర్ యూనిట్లకూ దూరంగా టెలిస్కోప్ పెట్టండి. అద్దం చల్లారడానికి గంట ముందే బయట ఉంచండి. కాలిమేషన్ (అద్దాల అమరిక) సరిచూసుకుని ముందు రైజెల్‌ను 120 రెట్లతో చూడండి. దాని జంట 9.5 సెకన్ల ఎడంలో, మాగ్నిట్యూడ్ 6.8. అది కనబడకపోతే ఆ రాత్రి సిరియస్ బి కనబడదు, లోపలికి వెళ్లి పడుకోండి.

కనబడితే నల్ల అట్ట తీసుకుని 9.5 సెం.మీ. వ్యాసార్ధంతో వృత్తం గీయండి. అదే కొలతను వృత్తం చుట్టూ ఆరుసార్లు గుర్తు పెట్టి, గుర్తులు కలిపి షట్కోణాకారపు కన్నం కోయండి. ట్యూబ్ మూతికి బిగిస్తే సిరియస్ వెలుగు ఆరు కిరణాలుగా చీలి, వాటి మధ్య చీకటి మిగులుతుంది. అట్టను తిప్పుతూ ఆ చీకటిని తూర్పు-ఈశాన్యం వైపు తెండి. ఐపీస్‌లో తూర్పు ఎటో తెలియకపోతే ట్యూబ్ కదపకుండా ఆగండి: నక్షత్రం జారే దిక్కు పడమర. 10 మి.మీ. ఐపీస్‌కు 2x బార్లో (రెట్లను రెట్టింపు చేసే లెన్స్) కలిపితే 240 రెట్లు వస్తాయి. సిరియస్‌ను పడమటి అంచు దాటనిస్తే బి ఒక్కటే 0.7 సెకను (ఇది కాలం) పాటు ఫీల్డ్‌లో, అంటే ఐపీస్‌లో కనిపించే వృత్తంలో, ఉంటుంది. మళ్లీ మళ్లీ జారనివ్వాలి. మార్చి చివర్లో అయితే చీకటి పడుతుండగానే సిరియస్ దక్షిణాన ఉచ్చస్థితిలో ఉంటుంది. ఆకాశం పూర్తిగా నల్లబడక ముందు మిరుమిట్లు తగ్గుతాయి, ఆ పావుగంట వదులుకోవద్దు.

కనిపించిన చుక్క ఐపీస్ ప్రతిబింబం కావచ్చు. సిరియస్‌ను ఫీల్డ్‌లో ఒక పక్కకు జరపండి. అసలు నక్షత్రమైతే దానితోపాటే అంతే ఎడంలో కదులుతుంది, ప్రతిబింబమైతే ఎడం మారుతుంది.

సిగ్నస్ (హంస) మండలంలోని ఎస్‌ఎస్ సిగ్ని లాంటి జంటలు వేరే జాతి. వైట్ డ్వార్ఫ్, దాని జోడీ 6.6 గంటలకో చుట్టు తిరుగుతాయి, ఏ టెలిస్కోప్‌లోనూ విడిగా కనబడవు. జోడీ నుంచి లాగిన పదార్థం డిస్క్‌లా పోగై, సగటున ఏడు వారాలకోసారి జంట వెలుగు మాగ్నిట్యూడ్ 12 నుంచి 8కి ఎగబాకుతుంది. అక్టోబర్ సాయంత్రాల్లో, పోలిక నక్షత్రాల చార్టు దగ్గర పెట్టుకుని, దీని కన్నా కాస్త వెలిగేదాన్నీ కాస్త మసకదాన్నీ చూసి మధ్యలో 0.1 వరకు అంచనా వేయండి. కనబడని రాత్రి కూడా మీకు అందిన అతి మసక పోలిక నక్షత్రం మాగ్నిట్యూడ్‌ను, సమయాన్నీ రాసిపెట్టుకోండి.