పెద్ద అక్వేరియం పెట్టాలనుకుంటే ముందు చేపను తేల్చుకోండి

చాలామంది ముందు ట్యాంక్ కొనేసి, నీళ్లు పోసేసి, ఆ తర్వాత ఇందులో ఏం వేద్దామా అని ఆలోచిస్తారు. నేనూ అలాగే చేశాను. నాలుగడుగుల ట్యాంక్ కదా, అన్నీ సరిపోతాయనుకుని 20 నియాన్ టెట్రాలతో (సన్నటి చిన్న చేపలు) పాటు రూపాయి బిళ్లంత ఏంజెల్ చేప పిల్లల్ని ఐదింటిని వేశాను. కొన్ని నెలలకు ఏంజెల్స్ పెరిగాయి, టెట్రాలు రోజుకొకటి చొప్పున మాయమయ్యాయి. ఏంజెల్ తప్పేం లేదు, నోట్లో పట్టే చేపను అది తింటుంది. తప్పు నా ఎంపికది.

అందుకే వరస మార్చండి. ముందు చేప, తర్వాత దానికి తగ్గ ట్యాంక్, ఆ తర్వాతే మిగతా సామాను.

అమ్మేచోట కనిపించేవి చాలావరకు పిల్లలే, మీరు చూడాల్సింది అది పూర్తిగా పెరిగాక ఎంతవుతుందని. వేలంత ఉండే ఆస్కార్ 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. పాచి తింటుందని అందరూ వేసుకునే మామూలు ప్లెకో 40 దాకా వెళ్తుంది, దాని వ్యర్థాలతోనే ఫిల్టర్‌కి పని పెరిగిపోతుంది. ఇరిడెసెంట్ షార్క్ అయితే మీటరు దాటే నది చేప, ఇంట్లో పెట్టే ఏ ట్యాంకూ దానికి చాలదు, దయచేసి వద్దు. ఇన్ని లీటర్లకు ఇన్ని సెంటీమీటర్ల చేప అనే లెక్కలు చిన్న చేపలకు ఏదో ఒక మేరకు పనికొస్తాయి గానీ, 30 సెంటీమీటర్ల ఆస్కార్ ఒక్కటి మూడు సెంటీమీటర్ల టెట్రాలు పదింటితో సమానం కానే కాదు, దాని ఒళ్లు, తిండి, అది వదిలే అమ్మోనియా అన్నీ ఎన్నో రెట్లు ఎక్కువ.

సైజు ఒక్కటే కాదు, నీళ్ల వేడి కూడా కలవాలి. డిస్కస్‌కి 28 నుంచి 30 డిగ్రీలు కావాలి, గోల్డ్‌ఫిష్‌కి చల్లటి నీళ్లే హాయి, ఈ రెండింటినీ కలిపితే ఏదో ఒకటి ఎప్పుడూ ఇబ్బంది పడుతూనే ఉంటుంది. ఆఫ్రికాలోని మలావి సరస్సు చేపలైన మలావి సిక్లిడ్స్‌కి కఠినమైన (ఖనిజాలు ఎక్కువున్న) నీళ్లు, pH (నీటి ఆమ్ల, క్షార గుణం కొలత) 8 చుట్టుపక్కల, నిండా రాళ్లు కావాలి కాబట్టి వాటికి విడిగా ట్యాంక్ పెట్టుకోవడమే మంచిది.

సుమారు 250 లీటర్ల ట్యాంక్‌కి నా సలహా అడిగితే, ఏంజెల్స్ నాలుగైదు, అడుగున తిరిగే కోరిడోరాస్ ఎనిమిది, ఏంజెల్ నోట్లో పట్టనంత ఒళ్లున్న టెట్రాలు ఒకే రకంవి పన్నెండు. అంతే. ఏంజెల్స్‌లో జత కుదిరితే మిగతావాటిని తరుముతాయి, అప్పుడు కొన్నింటిని తీసి వేరే చోట పెట్టాల్సి వస్తుందని ముందే అనుకోండి. పది రకాలు రెండేసి చొప్పున వేస్తే గుంపుగా బతికే చేపలు బెదిరి మూలల్లో దాక్కుంటాయి. ఆస్కార్ల మీదే మనసుంటే ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న ట్యాంక్ చూడండి. ఏ ట్యాంకైనా ఎత్తు కంటే పొడవు, వెడల్పు ముఖ్యం. చేప తిరగడానికి చోటుంటుంది, గాలి తగిలే నీటి పైభాగం ఎక్కువుంటుంది, శుభ్రం చేసేటప్పుడు మీ చెయ్యి అడుగుదాకా అందుతుంది.

ఇక బరువు. లీటరు నీళ్లంటే కిలో. 250 లీటర్ల ట్యాంక్ గాజు, ఇసుక, రాళ్లు, స్టాండ్ కలుపుకుంటే 300 కిలోలు దాటుతుంది, నింపాక జరపలేరు. నేల సమంగా ఉందో లేదో లెవెల్ పెట్టి చూడండి, మేడ మీదైతే ఆ బరువు నేల మోస్తుందో లేదో తెలిసినవాళ్లను అడగండి, నేరుగా ఎండపడే కిటికీకి దూరంగా పెట్టండి. ఫిల్టర్ గంటకు ట్యాంక్ నీళ్లను నాలుగైదుసార్లు తిప్పేది కావాలి. ఒక పెద్ద ఫిల్టర్ కంటే రెండు మధ్యరకంవి నయం, ఒకటి ఆగినా రెండోది నడుస్తుంది. హీటర్లకూ ఇదే మాట.

అన్నిటికంటే ఓపిక కావాల్సింది సైక్లింగ్‌కి, అంటే చేపలు వేసేముందు ఫిల్టర్‌లో మేలుచేసే బ్యాక్టీరియాను పెంచడానికి. చేపలు వదిలే అమ్మోనియాను ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఆ నైట్రైట్‌ను మరో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ చేపకు విషమే. ఆ బ్యాక్టీరియా ఫిల్టర్‌లో స్థిరపడడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చేపలు లేకుండానే అమ్మోనియా 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) అయ్యేలా కలిపి, టెస్ట్ కిట్‌తో చూస్తూ ఉండండి. అది 24 గంటల్లో సున్నాకి వచ్చి, నైట్రైట్ కూడా సున్నా చూపిస్తే ట్యాంక్ సిద్ధం. నీళ్లు తేటగా కనిపించడం దీనికి గుర్తు కాదు. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఒక రాత్రి నిలవబెడితే చాలావరకు పోతుంది గానీ క్లోరమిన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన రసాయనం) అలా పోదు, కాబట్టి వాటిని విరిచే డీక్లోరినేటర్ మందు వాడండి. ఫిల్టర్ స్పాంజ్‌ని కుళాయి కింద కడగొద్దు, క్లోరిన్‌కి అందులోని బ్యాక్టీరియా చస్తుంది, ట్యాంక్ నుంచి తీసిన పాత నీళ్లలోనే పిండండి.

చేపల్ని ఒకేసారి దించొద్దు. కొత్తవాటిని వీలైతే మూడు నాలుగు వారాలు వేరే చిన్న ట్యాంక్‌లో ఉంచి, ఒంటి మీద తెల్ల చుక్కలు లాంటివి లేవని చూసుకుని వేయండి. మొదట కోరిడోరాస్, రెండు వారాల తర్వాత టెట్రాలు, చివరికి ఏంజెల్స్. పెత్తనం చేసే చేప ముందే దిగితే ట్యాంక్ అంతా తనదే అనుకుంటుంది. అప్పటికీ తరుముకుంటూ ఉంటే రాళ్లూ కర్రలూ చోటు మార్చి చూడండి, పాత హద్దులు చెరిగిపోయి చాలాసార్లు గొడవ తగ్గుతుంది.