సొంతగడ్డపై తొలి గెలుపు: రగ్బీ లీగ్ అభిమానుల మధ్య ఆ రోజు ఎలా గడపాలి

ఇంగ్లండ్ ఉత్తరాన లీడ్స్, వేక్‌ఫీల్డ్, విగన్, హల్ లాంటి ఊళ్లకు ఉద్యోగాల మీద వచ్చి స్థిరపడ్డ మనవాళ్లు చాలామందే ఉన్నారు. ఇక్కడ సోమవారం పొద్దున్నే నలుగురు కలిస్తే మాట్లాడుకునేది రగ్బీ లీగ్ గురించే. మనకేమో క్రికెట్ తప్ప వేరే ఆట అంతగా ఎక్కదు. వాళ్ల దేశంలోనే ప్రపంచ కప్ జరుగుతూ, మొదటి మ్యాచ్‌లో వాళ్ల జట్టు గెలిచిందనుకోండి. ఆ సంబరంలో మనమెక్కడ నిలబడాలో, ఏం మాట్లాడాలో తెలియక చాలామంది మొహమాటపడి పక్కకు తప్పుకుంటారు. అలా తప్పుకోకండి అని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను వేక్‌ఫీల్డ్‌లో ఒక మందుల షాపులో ఫార్మసిస్టుని. ప్రిస్క్రిప్షన్ పట్టుకుని వచ్చేవాళ్లలో ఈ ఆట మీద ప్రాణం పెట్టుకున్నవాళ్లు కోకొల్లలు. వాళ్ల దగ్గర విన్నదీ, 2022 అక్టోబరు 15న న్యూకాజిల్ సెయింట్ జేమ్స్ పార్కులో ప్రపంచ కప్ మొదటి మ్యాచ్‌లో ఇంగ్లండ్, పసిఫిక్ ద్వీప దేశం సమోవాను 60-6తో ఓడించిన రోజు కళ్లారా చూసిందీ కలిపి చెబుతాను.

ముందుగా, ఇది ఏ రగ్బీ?

అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది ఇదే. రగ్బీ రెండు రకాలు, యూనియన్, లీగ్. యూనియన్‌లో జట్టుకు 15 మంది, లీగ్‌లో 13 మంది. గనుల్లో, మిల్లుల్లో పనిచేసే ఆటగాళ్లు శనివారం ఆటకు వెళితే ఆ పూట కూలి పోయేది. పోయిన కూలి కట్టిద్దామని ఉత్తరాది క్లబ్బులు అడిగితే ఆటను నడిపే పెద్దలు ఒప్పుకోలేదు. దాంతో 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో ఆ క్లబ్బులు సమావేశమై విడిపోయాయి. అలా పుట్టింది లీగ్. మా ఊరి పెద్దవాళ్లు దీన్ని చరిత్రలా చెప్పరు, ఇంట్లో జరిగిన సంగతిలా చెబుతారు. లండన్ తమ ఆటను పట్టించుకోదన్న బాధ వాళ్లలో ఇప్పటికీ ఉంది. అందుకే 2022లో ప్రపంచ కప్ సొంతగడ్డ మీద మొదలై, 61 మ్యాచ్‌లూ బీబీసీలో లైవ్ వస్తుంటే, ఆ తొలి గెలుపు వాళ్లకు ఒక్క ఆట గెలుపుగా మాత్రమే అనిపించలేదు. ఈ సంగతి తెలియకుండా వాళ్ల కేకలు అర్థం కావు.

రూల్స్ విషయానికొస్తే, మొదటి రోజుకు కొంచెం తెలిస్తే చాలు. ఆట 80 నిమిషాలు. బంతి చేతిలో ఉన్న ఆటగాణ్ని అవతలివాళ్లు పట్టుకుని ఆపడం టాకిల్. బంతి ఉన్న జట్టుకు ఆరు టాకిల్స్ దాకా అవకాశం. అంటే ఆరోసారి కూడా దొరికిపోతే బంతి అవతలి జట్టుది. గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే ట్రై, 4 పాయింట్లు. ఆ తర్వాత బంతిని తన్ని గోల్ చేస్తే ఇంకో 2. పెనాల్టీ గోల్‌కు 2, ఆడుతూ ఆడుతూ కొట్టే డ్రాప్ గోల్‌కు 1. ఆ ఒక్క పాయింటును గుర్తుపెట్టుకోండి, దాని పని కింద వస్తుంది.

స్టేడియంలో

ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లోలాగా ఇక్కడ రెండు జట్ల అభిమానులను వేరువేరుగా కూర్చోబెట్టడం మామూలుగా ఉండదు. పిల్లల్ని, అమ్మానాన్నల్ని ధైర్యంగా తీసుకెళ్లవచ్చు. సీట్లో కూర్చుని బీరు తాగడానికీ అభ్యంతరం లేదు కాబట్టి ముందు వరసలోంచి గ్లాసులు తిరుగుతుంటాయి, కంగారుపడకండి. అక్టోబరు కాబట్టి మధ్యాహ్నం మ్యాచ్ అయినా మందపాటి కోటు ఉండాల్సిందే. శాకాహారులైతే చీజ్, ఉల్లిపాయ కూరిన 'పై' గానీ 'పాస్టీ' గానీ (రెండూ కజ్జికాయలా లోపల కూరిక పెట్టి కాల్చేవే) అడగండి. చిప్స్ మీద గ్రేవీ పోస్తామంటే వద్దనండి, అందులో మాంసం రసం ఉండే అవకాశం ఎక్కువ.

ఏ షర్టు వేసుకోవాలా అని ఆలోచించక్కర్లేదు. దేశం ఆడే రోజున కూడా ఇక్కడివాళ్లు తమ క్లబ్ షర్టులోనే వస్తారు. మాకు ముందు వరసలో విగన్ షర్టు వేసుకున్న తండ్రీకొడుకులు, వాళ్ల పక్కనే సెయింట్ హెలెన్స్ షర్టుల్లో ఇద్దరు ఆడవాళ్లు కూర్చున్నారు. ఆ రెండు ఊళ్లకూ ఆటలో ఎంత పడదో చెప్పలేను. ఇంగ్లండ్ జట్టులోని టామీ మేకిన్సన్, జాక్ వెల్స్‌బీ అప్పట్లో సెయింట్ హెలెన్స్ ఆటగాళ్లు. మేకిన్సన్ గోల్ కొట్టిన ప్రతిసారీ ఆ విగన్ తండ్రి లేచి చప్పట్లు కొట్టాడు. ప్రతిసారీ పక్కనున్న ఆడవాళ్లు ఆయన వైపు చూసి నవ్వారు. నాలుగో గోల్‌కో ఐదో గోల్‌కో వాళ్లలో ఒకామె తన చిప్స్ పొట్లం ఆ పిల్లాడి ముందుకు జరిపింది. ఇలాంటివి స్టాండ్‌లో కూర్చుంటేనే కనిపిస్తాయి. అందుకే మొదటి మ్యాచ్‌ను వీలైతే టీవీలో చూడొద్దంటాను.

కేకల్లో మీకు ఎక్కువగా వినిపించేది 'గెట్ ఎమ్ ఆన్‌సైడ్!' ప్రతి టాకిల్ తర్వాత అడ్డుకునే జట్టు పది మీటర్లు వెనక్కి వెళ్లాలి. వెళ్లడం లేదు, రిఫరీ చూసీ చూడనట్టు వదిలేస్తున్నాడు అని వీళ్ల ఫిర్యాదు. మీరు కూడా అరవవచ్చు. ఐదో టాకిల్ వచ్చేసరికి చుట్టుపక్కలవాళ్లు సీట్లోంచి సగం లేస్తారు. ఇప్పుడు బంతిని తంతారా, పరుగెడతారా అన్న టెన్షన్ అది. వాళ్లతో పాటు లేవండి. రెండో హాఫ్‌కల్లా లెక్క మీకే అలవాటైపోతుంది.

ఆ రోజు ప్రారంభోత్సవంలో సౌండ్ సిస్టం చెడిపోయి బ్యాండు కార్యక్రమం దెబ్బతింది. ప్రపంచమంతా చూస్తున్న రోజున ఇలా అయిందేమిటని మా చుట్టూ ఉన్నవాళ్ల ముఖాలు చిన్నబోయాయి. అలాంటప్పుడు నవ్వకండి. తమ ఆటను లోకం చిన్నచూపు చూస్తుందేమోనన్న భయం ఉన్నవాళ్ల దగ్గర ఆ నవ్వు వేరేలా ధ్వనిస్తుంది.

మ్యాచ్ ముందు సమోవా ఆటగాళ్లు వరసగా నిలబడి సివా టావు చేస్తారు. అది వాళ్ల యుద్ధ నృత్యం. అంతసేపూ నిలబడి చూడండి, చివర్లో చప్పట్లు కొట్టండి. మనం ఏ జట్టు వైపు ఉన్నా ఆ మర్యాద తప్పకూడదు.

హాఫ్ టైంకు స్కోరు 18-6. బాగుంది గానీ ఎవరికీ నిశ్చింత లేదు. ఎందుకంటే ఆ టోర్నీలో సమోవా చిన్న జట్టు కాదు. జరోమ్ లువాయ్, బ్రయాన్ టోఓ, స్టీఫెన్ క్రైటన్ లాంటి వాళ్లు అక్టోబరు 2న ఆస్ట్రేలియా లీగ్ ఫైనల్లో పెన్రిత్ క్లబ్ తరఫున ఆడి, గెలిచి వచ్చినవాళ్లు. రెండో హాఫ్‌లో ఇంగ్లండ్ 42 పాయింట్లు కొట్టింది. ఆరున్నర అడుగుల డామ్ యంగ్ రెండు ట్రైలు చేశాడు. చివరి ఇరవై నిమిషాల్లో ఒకదాని వెంట ఒకటి ట్రైలు పడుతుంటే పిల్లలు స్కోరు బోర్డు వైపు వేలు పెట్టి కూడుకుంటున్నారు. అరవై అన్నది చూసి మా ఆయన రెండుసార్లు కళ్లు తుడుచుకున్నాడు.

ఆ సమయంలో మీరేం చేయాలంటే, వాళ్లతో కలిసి పూర్తిగా సంతోషపడాలి. 'అవతలి జట్టు బాగా ఆడలేదు కదా' అనే మాట అప్పుడు వద్దు. అది తర్వాత మాట్లాడుకోవాల్సిన మాట. ఎవరితో, ఎలా మాట్లాడాలో ఇప్పుడు చెబుతాను.

పెద్దవాళ్లు ఎందుకు ఆచితూచి మాట్లాడతారు

మమ్మల్ని కార్లో తీసుకెళ్లింది మా పక్కింటి పెద్దాయన. తిరుగు దారిలో మా అమ్మాయి అరవై, అరవై అని పాట పాడుతుంటే ఆయన కూడా గొంతు కలిపాడు. కాసేపయ్యాక మాత్రం నాతో అన్నాడు: 'బాగా ఆడారు లవ్ (ఇక్కడ ఆప్యాయంగా పిలిచే మాట అది). కానీ నేను తొంభై ఐదులో కూడా వెంబ్లీలో ఉన్నాను.'

ఆ ఒక్క వాక్యంలో ఉన్నది మీకు అందాలంటే కొంత తెలియాలి. 1995 ప్రపంచ కప్ ఇంగ్లండ్‌లోనే జరిగింది. అక్టోబరు 7న వెంబ్లీలో తొలి మ్యాచ్‌లో ఇంగ్లండ్ ఆస్ట్రేలియాను 20-16తో ఓడించింది. దేశమంతా పండగ. అదే నెల 28న, అదే వెంబ్లీలో ఫైనల్. ఎదురుగా అదే ఆస్ట్రేలియా. 16-8తో కప్పు వాళ్లు పట్టుకెళ్లారు.

ఇది ఇంగ్లండ్ ఒక్కదానికే జరిగిందనుకోవద్దు. 2008లో ఆతిథ్యమిచ్చిన ఆస్ట్రేలియా సిడ్నీలో న్యూజిలాండ్‌ను 30-6తో చిత్తుచేసి కప్పు మొదలుపెట్టింది. బ్రిస్బేన్ ఫైనల్లో అదే న్యూజిలాండ్ 34-20తో గెలిచింది. ప్రతిసారీ ఇలాగే అవుతుందనీ కాదు. 2017లో ఆస్ట్రేలియా మెల్‌బోర్న్‌లో ఇంగ్లండ్‌ను 18-4తో ఓడించి మొదలుపెట్టి, ఫైనల్లో మళ్లీ అదే ఇంగ్లండ్‌ను 6-0తో ఓడించింది.

మనకు ఇదేమీ కొత్త కాదు. 2023 అక్టోబరు 8న చెన్నైలో, 2 పరుగులకు 3 వికెట్లు పోయిన స్థితి నుంచి కోహ్లీ, రాహుల్ నిలబడి ఆస్ట్రేలియాను ఓడించిన రాత్రి మనం ఎలా ఉన్నామో, నవంబరు 19న అహ్మదాబాద్‌లో అదే జట్టు చేతిలో ఓడిన రాత్రి ఎలా ఉన్నామో మీకు గుర్తుంటే, వాళ్ల గుండెల్లో ఏముంటుందో ఎవరూ వివరించక్కర్లేదు.

కాబట్టి పెద్దవాళ్లు 'చూద్దాం' అంటే వాళ్లకు సంతోషం లేదనుకోకండి. వాళ్లను మాట్లాడించండి. మీరు అడగాల్సిన ప్రశ్నలు తేలికైనవే. పాయింట్లు ఎప్పుడు వచ్చాయి? న్యూకాజిల్‌లో ఎక్కువ భాగం రెండో హాఫ్‌లో, సమోవా ఆటగాళ్లు కొందరు గాయాలతో బయటకు వెళ్లాక వచ్చాయి. ఓడిన జట్టుకు కలిసి సాధన చేసే టైం దొరికిందా? పెన్రిత్ వాళ్లకు రెండు వారాలు కూడా దొరకలేదు. ఆ జట్టు మళ్లీ ఎదురయ్యే దారి ఉందా? ఇది చాలామంది చూసుకోరు. టోర్నీ చార్టు తీసి, మీ గ్రూపులో రెండో స్థానం వచ్చిన జట్టు నాకౌట్‌లో ఏ వైపుకు వెళుతుందో వేలితో గీసుకుంటూ చూడండి. 2022లో అలా గీస్తే, గ్రూపులో మొదటి, రెండో జట్లు సెమీస్‌లోనే మళ్లీ కలిసేలా ఉంది. మా పక్కింటాయన ఆ రాత్రే చార్టు విప్పి నాకు చూపించాడు.

నవంబరు 12న లండన్ ఎమిరేట్స్ స్టేడియంలో సెమీఫైనల్. ఇంగ్లండ్, సమోవా. 80 నిమిషాలయ్యేసరికి 26-26. గోల్డెన్ పాయింట్‌లో, అంటే మొదట పాయింటు కొట్టినవాళ్లే గెలిచే అదనపు సమయంలో, సమోవా ఆటగాడు స్టీఫెన్ క్రైటన్ డ్రాప్ గోల్ కొట్టాడు. 27-26. నాలుగు వారాల కింద 54 పాయింట్ల తేడాతో ఓడిన జట్టు ఒక్క పాయింటుతో గెలిచింది.

ఆ తర్వాతి సోమవారం షాపులో నేను ఎవరితోనూ 'మొదటి మ్యాచ్‌లో అంత బాగా గెలిచారు కదా, ఇలా అయిందేం' అనలేదు. మీరూ అనకండి. 'క్రైటన్ కిక్ చూశారా' అని అడగండి చాలు, మిగతాది వాళ్లే చెప్పుకుంటారు. తమ జట్టును ఓడించిన ఆటగాడిని కూడా మెచ్చుకోవడం ఈ ఊళ్లలో నాకు బాగా నచ్చిన గుణం.

తొలి గెలుపు తర్వాత టిక్కెట్లు

గెలిచిన ఊపులో అందరూ ఫైనల్ టిక్కెట్ల మీద పడతారు. నా సలహా వేరు. ముందు గ్రూపులోని మిగతా మ్యాచ్‌లు చూడండి. అవి చిన్న స్టేడియాల్లో జరుగుతాయి, మైదానానికి దగ్గరగా కూర్చోవచ్చు. 2022లో ఇంగ్లండ్ తర్వాతి మ్యాచ్‌లు బోల్టన్, షెఫీల్డ్‌లలో జరిగాయి. అలాగే మహిళల, వీల్‌చెయిర్ టోర్నీలను వదులుకోకండి. ఆ ఏడాది మూడూ కలిపే నడిపారు. మహిళల జట్టు లీడ్స్‌లోని హెడింగ్లీ స్టేడియంలో బ్రెజిల్‌ను 72-4తో ఓడించి మొదలుపెట్టింది. వీల్‌చెయిర్ జట్టయితే నవంబరు 18న మాంచెస్టర్‌లో ఫ్రాన్స్‌ను 28-24తో ఓడించి ఏకంగా కప్పే గెలిచింది. ఇందులో వికలాంగులు కానివాళ్లు కూడా ఆడవచ్చు, ఆడ మగ కలిసే ఆడతారు. కుర్చీలు ఢీకొనే చప్పుడుకు మా అమ్మాయి మొదట నా చేయి గట్టిగా పట్టుకుంది, తర్వాత వదిలేసి కేకలు మొదలుపెట్టింది.

2026 ప్రపంచ కప్పుకు ఆతిథ్యం ఆస్ట్రేలియాది. కొన్ని మ్యాచ్‌లు పాపువా న్యూ గినీలో కూడా. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్‌లలో ఉన్న మనవాళ్లకు మీ పక్క సీటులో పనిచేసే ఆస్ట్రేలియన్‌ను 2008 గురించి ఒక్క మాట అడగమని చెబుతాను. ఆయన కుర్చీ మీ వైపు తిప్పుకుంటే, టిక్కెట్లు ఏ స్టాండ్‌లో కొనాలో కూడా అప్పుడే అడిగేయండి.