డ్యూకు ఎవరి పక్షమో గీసి చూసుకోవడం

ముప్పై ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పాను. ఇంగ్లండ్, ఫ్రాన్స్ నూరేళ్ల యుద్ధంలో ఉన్న రోజుల్లో ఫ్రాన్సులోని బర్గండీని ఏలిన డ్యూకు ‘మంచి’ ఫిలిప్ (1396–1467) దగ్గరికి రాగానే పిల్లలు అడిగేది ఒకటే: “ఈయన ఇంగ్లండ్ మనిషా, ఫ్రాన్స్ మనిషా?” చెప్పి చెప్పి విసిగి, చివరికి గీయించడం మొదలుపెట్టాను.

పాత క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి, అడ్డంగా 1419 నుంచి 1467 దాకా సంవత్సరాలు వేయండి. పై అంచు ఇంగ్లండ్, కింది అంచు ఫ్రాన్స్; ఫిలిప్ ఎటు మొగ్గితే గీత అటు జరగాలి. పెళ్లికి ఎర్ర చుక్క, చావుకు నల్ల చుక్క. ఫ్రాన్స్ తరఫున పోరాడిన వీరవనిత జోన్ ఆఫ్ ఆర్క్ వద్దు. పిల్లలు అలిగేవారు గానీ, 1430లో ఆమె ఫిలిప్ సామంతుడి మనుషులకే చిక్కినా, ఆయన గీత మాత్రం ఎటూ కదలలేదు.

మొదటి నల్ల చుక్క 1419 సెప్టెంబరు 10. మోంతెరో వంతెన మీద, రాజీ మాటలకని వెళ్లిన తండ్రి జాన్‌ను ఫ్రెంచి యువరాజు మనుషులు నరికేశారు. ఫిలిప్‌కు అప్పటికి 23 ఏళ్లు. గీత ఒక్కసారిగా పైకి లేపండి: మరుసటి ఏడాది, ఇంగ్లండ్ రాజును ఫ్రాన్స్ సింహాసనానికి వారసుణ్ణి చేసిన ట్రువా సంధిలో ఆయన ఇంగ్లండ్ పక్షాన నిలిచాడు. 1423లో ఎర్ర చుక్క: చెల్లెలు ఆన్‌ను, ఫ్రాన్సులో ఇంగ్లిషు పాలన చూస్తున్న బెడ్‌ఫర్డ్ డ్యూకుకు ఇచ్చారు.

ఇక్కడ నిదానించండి. 1432లో ఆన్ పోయింది. నెలలు తిరగకుండానే బెడ్‌ఫర్డ్ ఫిలిప్‌ను అడగకుండా ఆయన సామంతుల ఇంటి పిల్లను చేసుకున్నాడు. బావమరిది మనసు విరిగింది. 1435 సెప్టెంబరు 14న బెడ్‌ఫర్డ్ కూడా పోయాడు. వారం తిరగగానే, 21న, ఫిలిప్‌కూ ఫ్రాన్స్‌కూ మధ్య అరాస్ సంధి! ఒకనాటి ఆ యువరాజే ఇప్పుడు రాజు ఏడవ చార్లెస్. హత్యకు క్షమాపణ చెప్పించి, సోమ్ నది పట్టణాలు అప్పగించాడు. గీత దిగాలి. కాకపోతే మరీ అడుగుకు కాదు. ఫిలిప్ ఏలుబడిలోని ఫ్లాండర్స్ నేతగాళ్ల మగ్గాలకు ఇంగ్లిషు ఉన్ని కావాలి. 1436లో ఇంగ్లిషువాళ్ల చేతిలోని కలే రేవు మీద ఫిలిప్ ముట్టడి విఫలమయ్యాక, 1439లో భార్య ఇసబెల్లా ఇంగ్లండ్‌తో వర్తక ఒప్పందం కుదిర్చింది. ఆమె తల్లి ఇంగ్లిషు ఆడపడుచే.

1456లో తండ్రితో పడని ఫ్రెంచి యువరాజు లూయీ పారిపోయి వచ్చి ఫిలిప్ పంచన చేరాడు. ఫిలిప్ ఐదేళ్లు తిండి పెట్టాడు. రాజయ్యాక లూయీ 1463లో అవే సోమ్ పట్టణాలు డబ్బిచ్చి విడిపించుకున్నాడు. అక్కడి నుంచి పెన్సిల్‌తో గీయండి, అది ఫిలిప్ గీతేనని గట్టిగా చెప్పలేం: 1465లో లూయీ మీద కత్తి దూసింది ఫిలిప్ కొడుకు చార్లెస్.