పిల్లలతో మొదటి కౌన్సెలింగ్ సెషన్‌కు ముందు ఇంటర్న్‌లు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

• ఆ పూట సూపర్‌వైజర్ సెంటర్లోనే ఉంటారో లేదో ముందే కనుక్కోండి. లేకపోతే సెషన్ వాయిదా వేయండి.

• సెషన్‌కు ఒప్పుకుంటూ తల్లిదండ్రులు పెట్టే సంతకం ఒక్కటే చాలదు, నీకు ఇష్టమేనా అని బిడ్డనూ అడగండి. అయితే "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వొద్దు. 18 ఏళ్లలోపు పిల్లలపై లైంగిక నేరం జరిగినట్టు తెలిస్తే పోక్సో చట్టం (2012) 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలపాల్సిందే. మాట తప్పితే ఆ బిడ్డ మళ్లీ నోరు విప్పదు. "నీకు ప్రమాదం ఉందనిపిస్తే, నిన్ను కాపాడేవాళ్లకు చెప్తాను" అనండి.

• అలాంటి మాట బయటపడితే గుచ్చిగుచ్చి అడగొద్దు. "మామయ్య కొట్టాడా?" అంటే భయానికి తలూపేస్తారు. "తర్వాత ఏమైంది?" చాలు. బిడ్డ అన్న మాటలే ఉన్నదున్నట్టు రాసి, వెంటనే సూపర్‌వైజర్‌కు చూపించండి.

• ఇంట్లో గోండి, లంబాడీ మాట్లాడేవాళ్లయితే పెద్దవాళ్లలోంచే దుబాసీని పెట్టుకోండి, బిడ్డ చేత అనువాదం చెప్పించొద్దు.

• చాప, క్రేయాన్లు, తెల్లకాగితాలు, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 రాసిన చీటీ దగ్గరుంచుకోండి.