విక్టోరియన్ టెర్రస్ ఇల్లు కొంటున్నారా? ఎక్స్ఛేంజ్ లోపే ఇవి చూసుకోండి

ఇంగ్లండ్‌లో మొదటి ఇల్లు కొంటున్న మనవాళ్ల కోసం రాస్తున్నా. విక్టోరియన్ టెర్రస్ అంటే 19వ శతాబ్దంలో, విక్టోరియా రాణి కాలంలో, పక్కపక్కనే గోడలు కలిపి వరుసగా కట్టిన ఇల్లు. ఆఫర్ ఒప్పుకున్నారని సంబరపడకండి, కాంట్రాక్టులు ఎక్స్ఛేంజ్ అయ్యేదాకా (అంటే ఇరువైపులా సంతకం చేసిన ఒప్పందాలు మార్చుకునేదాకా) అటూ ఇటూ ఎవరైనా తప్పుకోవచ్చు. ఆ తర్వాత తప్పుకుంటే సాధారణంగా ఇంటి ధరలో పది శాతం కట్టిన డిపాజిట్‌కి నీళ్లొదులుకోవాల్సిందే. అనుమానాలన్నీ ఆలోపే తీర్చుకోవాలి.

బ్యాంకు చేయించే వాల్యుయేషన్‌ని సర్వే అనుకోకండి, అది వాళ్ల అప్పు భద్రం కోసం. ఇంత పాత ఇంటికి లెవెల్ 3 సర్వే, అంటే ఇంటి కట్టడాన్ని అన్నిటికన్నా వివరంగా చూసే తనిఖీ, చేయించండి. ఖర్చు వందల పౌండ్లలో ఉంటుంది, నొప్పే, అయినా చేయించండి.

అసలు తలనొప్పి చెమ్మ. ఈ ఇళ్ల గోడలు చాలావరకు 9 అంగుళాల గట్టి ఇటుక గోడలు, మధ్యలో ఖాళీ ఉండదు. సున్నంతో కట్టినవి కాబట్టి తడి పీల్చుకుని మళ్లీ ఆరిపోతాయి. వాటి మీద ఎవరో సిమెంటు పూస్తారు, ఇంకెవరో ప్లాస్టిక్ పెయింట్ వేస్తారు, తడి లోపలే ఉండిపోతుంది. మా ముందుగదిలో గోడ చెమ్మగిల్లితే ఒకాయన ఫ్రీగా చూస్తానని వచ్చి, చిన్న మీటరు ఆనించి, గోడలోకి కెమికల్ ఎక్కించాలని వేలల్లో బిల్లు చెప్పాడు. తీరా చూస్తే బయట పరిచిన రాళ్లు ఎయిర్ బ్రిక్‌ని (నేలకిందికి గాలి వెళ్లే చిల్లుల ఇటుకని) మూసేశాయి, నేలకింద చెక్కలకి గాలే లేదు! మందు అమ్ముకునేవాడిని జబ్బేమిటని అడిగితే ఇంతే.

వీలైతే వాన రోజున చూడ్డానికి వెళ్లండి, గట్టర్లు ఎక్కడ కారుతున్నాయో కళ్లముందే తెలుస్తుంది. రోడ్డుకి అవతల నిలబడి పైకప్పు మధ్యలో కుంగిందేమో చూడండి, పాత స్లేటు తీసి బరువైన కాంక్రీటు పెంకులు వేసిన ఇళ్లలో ఇది జరుగుతుంది. కింద గదిలో చిమ్నీ గోడ తీసేసి ఉంటే, పైన మిగిలిన ఇటుకల బరువు దేనిమీద నిలబడిందో అడగండి, బిల్డింగ్ కంట్రోల్ (కట్టడం పనులు నిబంధనల ప్రకారం జరిగాయో లేదో చూసేవాళ్లు) ఇచ్చిన సర్టిఫికెట్ చూపించమనండి.

ఇంకోటి, ఇది మనవాళ్లకే ఎక్కువగా తగిలే దెబ్బ. స్టాంప్ డ్యూటీలో 2025 ఏప్రిల్ నుంచి మొదటిసారి కొనేవాళ్లకి 3 లక్షల పౌండ్ల దాకా పన్ను లేదు (ధర 5 లక్షలు దాటకపోతేనే). కానీ ప్రపంచంలో ఎక్కడా మీకు ఇల్లు ఉండి ఉండకూడదు. హైదరాబాద్ ఫ్లాట్ అయినా, ఊళ్లో నాన్నగారి తర్వాత వచ్చిన ఇంటి వాటా అయినా లెక్కలోకి వస్తుంది. ఇద్దరూ కలిసి కొంటుంటే ఇద్దరికీ ఇదే రూలు. మీ సొలిసిటర్‌కి (కొనుగోలు కాగితాలు చూసే లాయర్‌కి) మొదటి మెయిల్‌లోనే ఇది రాసేయండి.