మల్లెపూల గ్రీన్ టీ కానుకగా వస్తే: రుచి చూసే పద్ధతి

ఎవరో ప్రేమగా తెచ్చిచ్చిన జాస్మిన్ గ్రీన్ టీ డబ్బా మన ఇళ్లలో ఎక్కువగా రెండు రకాలుగా పాడవుతుంది. సలసలా మరిగే నీళ్లు పోసి చేదెక్కించి, ఒక్క గుక్కతోనే పక్కన పెట్టేస్తారు. లేదా చుట్టాలొచ్చినప్పుడు వాడదామని దాచి దాచి, వాసన పోయాక తెరుస్తారు. డబ్బా అందగానే ప్యాకింగ్ తేదీ చూడండి. ఏడాది దాటితే ఇక దాచొద్దు, ఆ వారంలోనే తెరవండి.

పరిమళం ఆకులోకి ఎలా చేరిందో తెలిస్తే ఏం వెతకాలో తెలుస్తుంది. ఇందులో వాడేది మనం జడలో పెట్టుకునే మల్లె జాతి పువ్వే. చైనాలో ఫుజౌ, హెంగ్‌జౌ ఊళ్లు ఈ టీకి పేరుమోసినవి. ఫుజౌలోని మల్లె, టీ సాగు పద్ధతిని 2014లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ వ్యవసాయ వారసత్వ జాబితాలో చేర్చింది. వసంతంలో కోసి ఆరబెట్టిన ఆకును వేసవి దాకా ఉంచుతారు. మధ్యాహ్నం కోసిన మల్లెమొగ్గలు చీకటి పడ్డాక విచ్చుకుంటాయని మనకూ తెలుసు కదా. అవి విచ్చుకునే వేళకు ఆకులో కలిపి రాత్రంతా ఉంచుతారు. తెల్లారాక పూలు ఏరేసి, పూల తేమ పట్టిన ఆకును మళ్లీ వేడిమీద ఆరబెడతారు. మేలురకానికి ఇదంతా కొత్త పూలతో ఐదారుసార్లు జరుగుతుంది. అందుకే డబ్బాలో పూరేకులు ఎక్కువగా కనబడితే మురిసిపోనక్కర్లేదు. వాసన ఇచ్చేసిన రేకుకు మిగిలేది కాస్త చేదే. చవక రకాల్లో పూల పని తగ్గించి సువాసన ద్రవ్యం చల్లుతారు. పెట్టెమీద పదార్థాల వరుసలో ‘ఫ్లేవర్’ అని ఉంటే ఆ సంగతి అక్కడే తేలిపోతుంది.

ముందు గిన్నెల సంగతి. రోజూ పాల టీ వడకట్టే జాలి దీనికి వాడొద్దు. ఎంత తోమినా అల్లం, యాలకుల వాసన దాన్ని వదలదు. లోపల తెల్లగా ఉండే పింగాణీ కప్పు, మూతకు ఒక సాసరు, వేరే జాలి చాలు. బోరు నీళ్లు వద్దు. సున్నం లాంటి లవణాలు ఎక్కువైతే టీ మీద పొర తేలి, రంగు మసకబారి, వాసన అణిగిపోతుంది. ఫిల్టర్ నీళ్లు వాడండి.

కొలత: 150 మిల్లీలీటర్ల నీళ్లకు 3 గ్రాముల ఆకు. చెంచా లెక్క ఇక్కడ మోసం చేస్తుంది. ముత్యాల్లా చుట్టిన రకం చెంచాడు తీస్తే బరువెక్కువ, పొడుగాటి ఆకు తీస్తే సగమే వస్తుంది. చిన్న తూకం మిషన్ ఉంటే అదే మేలు.

నీళ్ల వేడి 80 డిగ్రీల దగ్గర ఉండాలి. థర్మామీటరు లేకపోయినా ఇబ్బంది లేదు. సలసలా మరిగిన నీళ్లు మూడు వంతులు తీసుకుని, ఒక వంతు మామూలు తాగునీళ్లు కలిపితే దాదాపు అంతే వస్తుంది. అంతకన్నా వేడైతే ఆకులోని వగరు, చేదు ఒక్కసారిగా దిగిపోయి కమ్మదనాన్ని మింగేస్తాయి.

కప్పును వేడినీళ్లతో తొలిచి, తుడిచి, ఆకు వేసి సాసరు మూయండి. అర నిమిషం ఆగి, మూత తీసి వాసన చూడండి. పూలతో చేసినదైతే మల్లె కింద ఎండుగడ్డి లాంటి ఆకు వాసన కూడా తగులుతుంది. అగరొత్తుల పెట్టె తెరిచినట్టు ఒకే వాసన ముక్కు మీద కొడితే అనుమానించండి. అయితే తీర్పు అప్పుడే వద్దు.

నీళ్లు పోసి, మూతపెట్టి, 2 నిమిషాలకు వడకట్టండి. లేత పసుపు రంగు రావాలి. ఎరుపు తిరిగితే ఆకు పాతదై ఉండొచ్చు. పంచదార, తేనె, నిమ్మరసం ఈ మొదటి కప్పులో వద్దు. నోటినిండా తీసుకోకుండా, చెంచాడు టీని గాలితో కలిపి జుర్రున పీల్చండి. మర్యాద కాదనుకోకండి, టీ రుచి చూసే వృత్తివాళ్లూ ఇలాగే జుర్రుతారు. మింగాక నోరు మూసి ముక్కుతో గాలి వదిలితే అసలు పరిమళం అప్పుడు తెలుస్తుంది. చేదు, వగరు వేర్వేరని గుర్తుంచుకోండి. నాలుకకు రుచిగా తగిలేది చేదు. పచ్చి అరటికాయ కొరికినట్టు చిగుళ్లు బిగిస్తే అది వగరు. కొంచెం వగరు ఉండాల్సిందే, చేదు నిలిచిపోతేనే తప్పు.

సగం కప్పు చల్లారనివ్వండి. వేడిలో దాగిన లోపాలు గోరువెచ్చగా ఉన్నప్పుడు బయటపడతాయి. తర్వాత అదే ఆకుకు రెండోసారి నీళ్లు పోసి రెండున్నర నిమిషాలు ఉంచండి. అసలు పరీక్ష ఇదే. చల్లిన వాసన మొదటి నీళ్లతోనే చాలావరకు కడుక్కుపోయి, మిగిలేది చప్పటి ఆకు నీళ్లు. పూలు పట్టించిన ఆకు మూడో నీళ్లకూ ఎంతో కొంత మల్లె ఇస్తుంది.

ఆవకాయ తిన్న నోటితో, కిళ్లీ వేసుకున్నాక, పళ్లు తోమిన వెంటనే రుచి చూడొద్దు. ఖాళీ కడుపుతో కొందరికి వికారంగా ఉంటుంది, టిఫిన్ అయిన గంటకు మంచిది. కెఫీన్ ఇందులోనూ ఉంది కాబట్టి రాత్రిపూట వద్దు.

తెరిచిన డబ్బాను సాంబారు పొడి, ఇంగువ ఉన్న అరలో పెట్టొద్దు. మల్లెను పీల్చుకున్న ఆకు ఇంగువనూ పీల్చుకుంటుంది. గాలి చొరని డబ్బాలో, వెలుతురు, పొయ్యి సెగ తగలని చోట ఉంచి రెండు మూడు నెలల్లో ముగించండి.

రుచి నచ్చకపోయినా పారేయనక్కర్లేదు. 5 గ్రాముల ఆకును అర లీటరు చల్లటి నీళ్లలో వేసి, ఫ్రిజ్‌లో ఆరు గంటలుంచి వడకట్టండి. చల్లటి నీళ్లకు వగరు అంతగా దిగదు. వేడిగా తాగలేకపోయిన ఆకు కూడా ఎండాకాలం మధ్యాహ్నం ఇలా హాయిగా తాగేలా ఉంటుంది.