చిన్ సైనికుడి మట్టి బొమ్మ: పావు కొలతలో, నాటి పద్ధతిలో

1974లో చైనాలోని షియాన్ దగ్గర లింటోంగ్‌లో బావి తవ్వుతున్న రైతులకు బయటపడిన, చైనా తొలి చక్రవర్తి చిన్ షి హువాంగ్ మట్టి సైన్యంలో, నిలబడి ఉన్న బొమ్మలు సుమారు 1.8 మీటర్ల ఎత్తుంటాయి. అంత ఎత్తు బొమ్మ తన బరువుకు తానే కూలిపోకుండా ఆ పనివాళ్లు పాదాల పీట, కాళ్లు గట్టి మట్టితో చేసి, మొండెం బోలుగా లేపి, తలను, చేతులను విడిగా చేశారు. పావు కొలతలో చేసినా ఈ క్రమం మార్చకండి. దుకాణాల్లో దొరికే నమూనాల్లా మొత్తం ఒకే అచ్చులో పోస్తే పని త్వరగా అవుతుంది కానీ, ముఖాలన్నీ కవలల్లా వస్తాయి.

కావాల్సింది 8 కిలోల ఎర్రమట్టి, అందులో ఐదో వంతు సన్నటి ఇసుక. నాటి మట్టిలోనూ ఇసుక కలిపారు. అది కుంచించుకోవడాన్ని తగ్గిస్తుంది, ఆవిరికి దారి ఇస్తుంది. ఇసుక మీద కాస్త వెనిగర్ పోసి చూడండి. నురగ వస్తే అందులో సున్నం ఉంది, పారేయండి. కాల్చిన కొన్ని రోజులకు ఆ సున్నపు రేణువులు తేమ పీల్చి ఉబ్బుతాయి, పైపొర పెచ్చులుగా ఊడుతుంది. ఆరి కాలేసరికి బొమ్మ 8 నుంచి 10 శాతం తగ్గుతుంది కాబట్టి 45 సెంటీమీటర్ల బొమ్మ కావాలంటే 50కి కట్టండి.

2 సెంటీమీటర్ల మందం పీట మీద పాదాలు, కాళ్లు నిలపండి. కాళ్లు గట్టివి కాబట్టి అడుగు నుంచి సన్నటి తీగతో పైదాకా ఒక రంధ్రం పొడవండి. గాలి బుడగలే బొమ్మను పేలుస్తాయంటారు గానీ, నిజానికి పేల్చేది లోపల మిగిలిన తడి. కాళ్లు వేలితో నొక్కితే సొట్టపడనంత గట్టిపడ్డాకే అంగీ అంచు మొదలుపెట్టాలి. తొందరపడితే మొండెం బరువుకు మోకాళ్ల దగ్గర వంగిపోతాయి.

మొండేనికి వేలి లావు మట్టి తాళ్లు చేసి ఒకదానిపై ఒకటి చుట్టండి. ప్రతి అతుకును గీరి, మట్టి జావ రాసి, లోపలివైపు బొటనవేలితో నిలువుగా రుద్ది కలపండి. గోడ మందం 1 సెంటీమీటరు. ఒక్క విడతకు నాలుగైదు చుట్లు చాలు, తర్వాత కొన్ని గంటలు ఆగండి. చేతులు కూడా బోలు గొట్టాలే. పిడికిలిలో ఆయుధం కర్రకు రంధ్రం వదలండి. అసలు సైనికులు పట్టుకున్నవి నిజమైన కంచు ఆయుధాలు, వాటి కర్రలే చివికిపోయాయి.

కవచంలో చాలామంది తప్పు చేస్తారు. ఛాతీ మీద పైరేకు కింది రేకును కప్పుతుంది, పొట్ట దగ్గర కింది రేకు పైరేకును కప్పుతుంది. సైనికుడు నడుం వంచడానికి వీలుగా ఉండే అమరిక అది. 4 మిల్లీమీటర్ల పలకల్లో రేకులు కోసి అతికించి, మేకు తలలకు చిన్న మట్టి గోళీలు నొక్కండి.

తలకు మాత్రం రెండు భాగాల అచ్చు వాడండి, నాటివాళ్లూ వాడారు. ఆ తర్వాత చెవులు, మీసం, పక్కకు వాలిన జుట్టు ముడి చేత్తో అతికించి, కనుబొమలు పుల్లతో దిద్దితేనే ముఖానికి మనిషితనం వస్తుంది. మెడ లోపల బోలుగా, కింద తెరిచి ఉండాలి. మెడకూ కాలరు రంధ్రానికీ మధ్య 3 మిల్లీమీటర్ల సందు వదలండి. తలను, మొండేన్ని ఒకే మట్టితో చేసి, ఒకేలా తడిగా ఉన్నప్పుడే సరిచూడాలి. లేకపోతే కాల్చాక తల దూరదు, దూరినా ఊగుతుంది.

ఆరబెట్టడానికి రెండు వారాలు. మొదటి నాలుగు రోజులు ప్లాస్టిక్ కప్పి ఉంచండి. వేళ్లు, అంగీ అంచు ముందే ఆరి చీలతాయి, వాటికి విడిగా తడిగుడ్డ చుట్టండి. చెంపకు ఆనిస్తే చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.

కొలిమిని మొదట 90 డిగ్రీల దగ్గర 8 గంటలు నిలపండి. తర్వాత 600 వరకు గంటకు 50 చొప్పున పెంచండి. 573 దగ్గర ఇసుకలోని క్వార్ట్‌జ్ హఠాత్తుగా వ్యాకోచిస్తుంది, అక్కడ తొందర పనికిరాదు. ఆ పైన గంటకు 100 చొప్పున 1000 వరకు వెళ్లి అరగంట ఆగండి. చల్లార్చేటప్పుడూ 573 దగ్గర అదే జాగ్రత్త, 100 కంటే దిగువకు వచ్చేదాకా తలుపు తీయకండి. విద్యుత్ కొలిమిలో బొమ్మ ఎర్రగా వస్తుంది. అసలు బొమ్మల బూడిదరంగు గాలి తక్కువైన మంటలో కాల్చడం వల్ల వచ్చింది. అది కావాలంటే బొగ్గుపొడితో నింపిన మూత మట్టిపెట్టెలో పెట్టి, సందులు మెత్తి, పొగ బయటకు పోయే ఏర్పాటున్న కొలిమిలో కాల్చండి.

రంగుల విషయానికొస్తే, నాడు లక్క చెట్టు పాలను ముందు పూసి, దాని మీద ఇంగిలీకపు (పాదరసపు ఖనిజం) ఎరుపు, మాలకైట్ (రాగి ఖనిజం) ఆకుపచ్చ, బేరియం, రాగి కలిసిన చైనా ఊదా వేశారు. తవ్వి తీసిన బొమ్మ మీద ఆ లక్కపొర పొడిగాలి తగిలిన కొన్ని నిమిషాలకే ముడుచుకుని రాలిపోతుంది, అందుకే ఇవాళ అవి మట్టిరంగులో కనిపిస్తాయి. ఆ లక్క పాలు ఒంటికి తగిలితే దద్దుర్లు వస్తాయి, పైగా గట్టిపడడానికి 70 శాతానికి మించిన తేమ కావాలి. మెరుపు లేని యాక్రిలిక్‌తో ముందు పల్చటి గోధుమరంగు పూత వేసి, పూర్తిగా ఆరాక మిగతా రంగులు వేయండి. ముఖానికి తెలుపులో కాస్త ఎరుపు కలిపిన లేత గులాబీ సరిపోతుంది.